ఒక్కొక్కరికి ఒక్కో రకం నాణెం మీదే మక్కువ ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

నాణేలు సేకరించే ఇద్దరు పక్కపక్కన కూర్చున్నప్పుడు, ఒకరు రెండు వేల ఏళ్ల నాటి అరిగిన రాగి బిళ్ళను భూతద్దం కింద పెట్టుకుని మురిసిపోతుంటే, మరొకరు నిన్నగాక మొన్న టంకశాల నుంచి వచ్చిన నాణెం మీద అంకె రెండుసార్లు పడిందేమోనని వెతుకుతుంటారు. ఒకరి నిధి మరొకరికి ఉత్త చిల్లరగా కనిపిస్తుంది. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందన్న దానిపై తరచుగా వచ్చే ప్రశ్నలకు సమాధానాలు ఇవి.

అన్నీ నాణేలే అయినప్పుడు, సేకర్త ఏదో ఒక రకానికే ఎందుకు కట్టుబడతాడు?

ప్రపంచంలో ఇంతవరకు ముద్రించిన నాణేలన్నిటినీ కూడబెట్టడం ఎవరి తరమూ కాదు కనుక, ఎక్కడో ఒకచోట గిరి గీసుకోక తప్పదన్నది పైకి కనిపించే కారణం. ఆ గిరి ఎక్కడ గీసుకుంటారన్నది మాత్రం, మా ఉద్దేశంలో, ఆ నాణెం తన యజమానికి ఏ పని పెడుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఏళ్ల వరుసలో సాగే నాణేలు ఖాళీలు నింపే పని పెడతాయి. పురాతన నాణేలు అక్షరాలు కూడబలుక్కుని చదివే పని పెడతాయి. ముద్రణలో తప్పు దొర్లినవి వెతికే పని, కళాత్మకమైనవి తనివితీరా చూసే పని పెడతాయి. జమాఖర్చుల పుస్తకంలో ప్రతి గడీ నిండితే గానీ నిద్రపట్టనివారు మొదటి రకం వైపు, పొడుపుకథ విప్పడంలో సరదా ఉన్నవారు రెండో రకం వైపు మొగ్గడంలో వింత లేదు. అందుచేత ఒక సేకర్త అభిరుచి తెలుసుకోవాలంటే, ఏ నాణెం ఇష్టమని అడగడం కన్నా, తీరిక దొరికినప్పుడు పెట్టె తెరిచి ఏం చేస్తారని అడగడం మేలు.

అరుదుగా దొరకడమే ఆకర్షణకు అసలు కారణం కాదా?

అరుదుదనం ఒక్కటే సరిపోయేటట్లయితే, లోకంలో ఒకే ఒక ప్రతి మిగిలిన ప్రతి నాణేనికీ ఎగబడేవారు ఉండాలి. వాస్తవంలో ఒక చిన్న ప్రాచీన నగరం ముద్రించిన, ఒకటి రెండు ప్రతులే తెలిసిన రాగి నాణెం ఏళ్ల తరబడి అడిగే నాథుడు లేకుండా పడి ఉండవచ్చు. మరోవైపు, 1909లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల ముద్రించిన, వెనకవైపు శిల్పి విక్టర్ డేవిడ్ బ్రెనర్ పేరులోని పొడి అక్షరాలున్న లింకన్ సెంట్లు 4,84,000 ఉన్నా, వాటి కోసం పోటీ నేటికీ తగ్గలేదు. శిల్పి అక్షరాలు మరీ కొట్టొచ్చినట్టున్నాయన్న విమర్శ రావడంతో కొద్ది రోజులకే వాటిని తొలగించారు. లింకన్ సెంట్ల వరుసను పూర్తి చేయాలనుకునే ప్రతి ఒక్కరికీ ఆ ఖాళీ నిండాలి. అలాంటివారు ఎందరో ఉన్నారు. నాణేలు ఎన్ని ఉన్నాయన్న దానితో పాటు, వాటిని లోటుగా భావించేవారు ఎందరున్నారన్నది కూడా లెక్కలోకి వస్తుందన్నమాట.

ఎన్ని ముద్రించారన్న అంకెను, ఎన్ని మిగిలాయన్న అంకెతో కలగలపకూడదు. అమెరికా 1933లో 20 డాలర్ల బంగారు నాణేలను 4,45,500 ముద్రించింది. అదే ఏడు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం బంగారు నాణేల చలామణిని ఆపివేయడంతో అవి ప్రజల చేతికి చేరనే లేదు. తర్వాత దాదాపు అన్నిటినీ కరిగించారు. దొడ్డిదారిన బయటపడిన కొన్నిటిలో ప్రైవేటు వ్యక్తి చేతిలో ఉండడానికి చట్టం ఒప్పుకున్నది ఒక్కటే. ఆ ఒక్క నాణెం 2021లో కోటీ ఎనభై లక్షల డాలర్లకు పైగా పలకడం వెనుక దాని బంగారం కన్నా, ఈజిప్టు రాజు ఫారూక్ సేకరణలోదిగా భావించే ఆ నాణెం న్యాయస్థానాల దాకా సాగించిన ప్రయాణానిదే పెద్ద వాటా.

ఒకే నాణేన్ని ఏడాదికొకటి చొప్పున పోగుచేయడంలో ఆనందం ఏముంది?

బయటివారికి ఇది అర్థం కాని విషయమే. బొమ్మా అదే, బొరుసూ అదే, మారేది కింది అంకె ఒక్కటే. సేకర్తకు మాత్రం ముగింపు కంటికి కనిపించే పని అది. ఆల్బంలో గుండ్రటి ఖాళీ ఒకటి మిగిలి ఉంటే, అది నాలుకకు తగిలే పంటి సందులా సతాయిస్తూనే ఉంటుంది. అమెరికా టంకశాల 1999 నుంచి 2008 వరకు ఏటా 5 చొప్పున 50 రాష్ట్రాల పేరిట పావు డాలర్లు విడుదల చేసినప్పుడు, అంతకుముందు నాణేల ఊసే ఎత్తనివారు కూడా చిల్లర తిరగేయడం మొదలుపెట్టారంటే, దానికి కారణం ఆ 50 అనే అంకె. అది చేరలేనంత పెద్దదీ కాదు, విసుగు పుట్టేంత చిన్నదీ కాదు.

ఈ దారిలో చివరిదాకా వెళ్లినవారు అరుదు. అమెరికాలో ముద్రితమైన నాణేలన్నిటినీ, ప్రతి సంవత్సరానికీ, ప్రతి టంకశాలకూ ఒకటి చొప్పున, 1950 నాటికి పూర్తి చేసిన వ్యక్తిగా బ్యాంకరు లూయిస్ ఎలియాస్‌బర్గ్ ప్రసిద్ధుడు. సంవత్సరం పక్కన ఉండే చిన్న టంకశాల గుర్తుకు ఇంత ప్రాధాన్యం రావడానికి కారణం కూడా ఇదే: ఒక చుక్కో ఒక అక్షరమో తేడా ఉంటే, వరుసలో ఇంకో గడి పుట్టుకొస్తుంది.

తప్పుగా ముద్రితమైన నాణేలకు అంత గిరాకీ ఎందుకు?

టంకశాల అంటే తప్పు చేయని చోటు అని అందరి నమ్మకం. లక్షల బిళ్ళలు ఒకే తీరుగా, గుండుసూది మొనంత తేడా లేకుండా బయటికి రావాలన్నదే దాని పని. ఆ యంత్రం ఒక్కసారి తడబడిన గుర్తు చేతికి దొరికితే, మూసిన తలుపు సందులోంచి లోపలికి తొంగిచూసినట్టు ఉంటుంది.

ఉదాహరణకు 1955 నాటి అమెరికా సెంటును తీసుకోవచ్చు. నాణేన్ని ముద్రించే అచ్చును తయారు చేసేటప్పుడు, బొమ్మను దాని మీద ఒకసారికి మించి నొక్కవలసి వచ్చేది. రెండోసారి నొక్కినప్పుడు అచ్చు రవ్వంత పక్కకు తిరిగి ఉండడంతో, ఆ అచ్చు నుంచి వచ్చిన ప్రతి నాణెం మీదా అక్షరాలు జోడుగా పడ్డాయి. భూతద్దం కూడా అక్కర్లేకుండా, 1955 అన్న అంకె పక్కనే దాని నీడలా మరో 1955 కనిపిస్తుంది. లింకన్ ముఖం మాత్రం జోడుగా కనిపించదు. నాణెం నడిమధ్యన తిరుగుడు తక్కువ, అంచువైపు ఎక్కువ కనుక అలా జరిగింది. పొరపాటు బయటపడేసరికే 20,000 పైచిలుకు నాణేలు మంచివాటితో కలిసిపోయాయి. వాటి కోసం మొత్తం రాశిని పారబోయడం దండగనుకుని వదిలేశారు.

తప్పు నాణేల్లో మరో ముచ్చటైన కథ 1943 నాటిది. యుద్ధానికి రాగి కావలసి రావడంతో ఆ ఏడాది అమెరికా సెంట్లను జింకు పూత పూసిన ఉక్కుతో చేశారు. ముందటి ఏడు మిగిలిన కంచు బిళ్ళలు కొన్ని యంత్రంలోకి చేరి, 1943 అంకెతోనే రాగిరంగు సెంట్లు వెలువడ్డాయి. వాటి పేరు మారుమోగిన కొద్దీ ఉక్కు సెంట్లకు రాగి పూత పూసి అమ్మేవారు తయారయ్యారు. అయస్కాంతం దగ్గర పెడితే పూత పూసింది ఠక్కున అతుక్కుంటుంది, కంచుది కదలదు. అయితే 1948లోని ఎనిమిదిని గీకి మూడుగా మార్చిన కంచు సెంట్లను అయస్కాంతం పట్టుకోలేదు కనుక, అంకె ఆకారాన్ని కూడా చూడవలసిందే.

బ్రిటన్‌లో 2008లో వచ్చిన, ఏ వైపూ సంవత్సరం లేని 20 పెన్స్ నాణెం కూడా ఇలాంటిదే. కొత్త నమూనాలో సంవత్సరాన్ని వెనకవైపు నుంచి రాణి బొమ్మ ఉన్న వైపుకు మార్చారు. కొత్త వెనకవైపు అచ్చుతో పాత రాణి అచ్చును జతచేయడంతో అంకె రెండు వైపులా లేకుండా పోయింది. చలామణిలోకి వచ్చాక సుత్తి దెబ్బ తిన్నదీ, ఆమ్లంలో పడి పలచబడ్డదీ ఈ కోవలోకి రావు. అది టంకశాల చేసిన తప్పు కాదు, వాడినవారు చేసిన పాడు.

పురాతన నాణేలను ఇష్టపడేవారు వాటిలో ఏం చూస్తారు?

ఒక రాజు గురించి శాసనం లేదు, కావ్యం లేదు, సమాధి లేదు. కానీ నాణెం ఉంది. వాయవ్య భారతంలోనూ అఫ్గాన్ ప్రాంతంలోనూ పాలించిన ఇండో-గ్రీకు రాజులు ముప్పై మందికి పైగా ఉండగా, వారిలో ఎక్కువమంది పేర్లు మనకు తెలిసింది వారి నాణేల వల్లనే. ఆ నాణేల మీద ఒకవైపు గ్రీకు లిపి, మరోవైపు ఖరోష్ఠీ లిపి ఉండేవి. రాజు పేరు రెండు లిపుల్లో ఉన్నందువల్ల, 1830ల్లో జేమ్స్ ప్రిన్సెప్ తదితరులు మరుగునపడిన ఖరోష్ఠీ అక్షరాలను ఒక్కొక్కటిగా గుర్తుపట్టగలిగారు. అలాంటి నాణేన్ని చేతిలో పట్టుకుని చదివే సేకర్త ఆ పనినే చిన్న ఎత్తున మళ్లీ చేస్తున్నాడు.

నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 1906లో బయటపడ్డ నిధి దీనికి ఇంకా మంచి సాక్ష్యం. అందులోని 13,000కు పైగా వెండి నాణేలు క్షహరాత వంశపు రాజు నహపానుడివి. వాటిలో మూడింట రెండు వంతుల పైన, అతన్ని ఓడించిన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తులను తిరిగి కొట్టించాడు. అలాంటి ఒక నాణేన్ని దీపం పక్కగా వంచి చూస్తే, శాతవాహనుల కొండ గుర్తు వంపుల అడుగున నహపానుడి ముక్కు, చెంప గీతలు అణగారిపోయి కనిపిస్తాయి. ఒక రాజ్యం మరో రాజ్యం మీద అక్షరాలా కూర్చున్న దృశ్యమది. చరిత్ర పుస్తకంలో ఇది ఒక వాక్యం. ఇక్కడ బొటనవేలికి తగిలే ఎత్తుపల్లం.

ఏథెన్సు గుడ్లగూబ నాణేల మీద ఇష్టం కూడా ఇలాంటిదే. సుమారు 17.2 గ్రాముల బరువున్న ఈ వెండి నాణెం ఒకవైపు అథీనా దేవి, మరోవైపు కళ్లప్పగించి చూసే గుడ్లగూబ, దాని వెనక ఆలివ్ రెమ్మ, చిన్న నెలవంక ఉంటాయి. చాలా నాణేల మీద గుడ్లగూబ ఒంటి మీదుగా లోతైన ఉలిగాటు ఉంటుంది. లోపల రాగి పెట్టి పైన వెండి తొడిగారేమోనని ఆనాటి వర్తకులు పెట్టిన పరీక్ష అది. అందం చెడిందని ఆ గాటున్నవాటిని వదిలేసేవారు కొందరు. అనుమానపడ్డ ఆ వర్తకుడి చేతి గుర్తు కోసమే వాటిని వెతికేవారు మరికొందరు. మా మొగ్గు రెండోవారి వైపే.

సంఘటనతో నేరుగా ముడిపడిన నాణేలైతే పురాతనాభిమానులకు శిఖరం వంటివి. సీజరును చంపిన తర్వాత, క్రీ.పూ. 42లో బ్రూటస్ ముద్రించిన దినారం అనే వెండి నాణెంపై రెండు బాకులు, వాటి మధ్య విముక్తి పొందిన బానిసలు ధరించే టోపీ, కింద ఆ హత్య జరిగిన మార్చి నడిమి తిథి పేరు ఉంటాయి. హంతకుడే తన చేతను డబ్బు మీద అచ్చొత్తి సైన్యానికి పంచిన ఉదంతం చరిత్రలో మళ్లీ ఇంత సూటిగా కనిపించదు.

అందం కోసం సేకరించేవారు ఉన్నారా?

చాలామంది ఉన్నారు, కాకపోతే బాహాటంగా చెప్పుకోరు. వీణ మీటుతూ ఆసనంపై కూర్చున్న సముద్రగుప్తుడి బంగారు నాణెం, నెల పేరు రాయవలసిన చోట ఆ మాసపు రాశి బొమ్మను చెక్కించిన జహంగీరు నాణేలు చూసినవారికి వేరే కారణం అక్కర్లేదు. గోరంత స్థలంలో శిల్పి ఎంత ఇమిడ్చాడన్నది చూడడం వీరి పని. కాలక్రమంలో గాలిలోని గంధకం వల్ల వెండిపై పలచని పొర ఏర్పడి, ఆ పొర మందాన్ని బట్టి బంగారు పసుపు, ఊదా, నీలి రంగులు తేలడం మరో అందం. కొందరికి అది మురికి, కొందరికి ఇంద్రధనుస్సు.

బంగారం, వెండి నాణేలకే ఎక్కువ ఆదరణ ఉంటుందా?

లోహం విలువను చూసి కొనేవారు ఉన్నారు. వారిని పొదుపు చేసేవారనడం సబబు. వారికి రెండు నాణేల మధ్య తేడా తూకంలో తేలిపోతుంది. సేకర్త మాత్రం విచిత్రంగా, లోహం గతిలేక మారిన సందర్భాల మీదే మనసు పడతాడు. ఇంగ్లండు అంతర్యుద్ధంలో ముట్టడికి గురైన న్యూఆర్క్ పట్టణంలో 1645, 1646లలో వెండి పళ్లాలను ముక్కలుగా కోసి కొట్టిన నాణేలు గుండ్రంగా కాక డైమండ్ ఆకారంలో ఉంటాయి. గుండ్రంగా కోస్తే వెండి వృథా అవుతుంది మరి. రాగి పుష్కలంగా ఉండి వెండికి కొరతపడ్డ స్వీడన్, 1644లో 19 కిలోలకు పైగా బరువున్న 10 డాలెర్ల (నాటి స్వీడన్ డబ్బు) రాగి పలకను డబ్బుగా విడుదల చేసింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత చిల్లర కరువైన జర్మనీలో మైసెన్ కర్మాగారం ఎర్రటి పింగాణీతోనే నాణేలు చేసింది. ఈ వస్తువులు, వాటిని చేయించిన ఇబ్బంది తీవ్రతను మోసుకొస్తాయి కనుకనే వాటికి విలువ.

టంకశాలలు విడుదల చేసే స్మారక నాణేలు సేకరించదగినవేనా?

నచ్చితే తప్పకుండా. మెరుగుపెట్టిన అచ్చులతో ఒకటికి రెండుసార్లు నొక్కి చేసిన ప్రూఫ్ నాణేల పనితనం చూడముచ్చటగా ఉంటుంది. అయితే అందరూ పెట్టెలో భద్రంగా దాచుకున్న వస్తువు తర్వాతి కాలంలో కరువయ్యే అవకాశం తక్కువ. చలామణి కోసం వచ్చి, చిన్న సంఖ్యలో ముగిసిపోయినవే ఎక్కువ మందిని కదిలించాయి. బ్రిటన్‌లో క్యూ గార్డెన్స్ అనే ఉద్యానవనం పేరిట 2009లో వచ్చిన 50 పెన్స్ నాణేలు చలామణికి 2,10,000 మాత్రమే రావడంతో, చిల్లరలో అది తగలడమే ఒక వేట అయింది. సేకర్తల కోసమే వచ్చినవాటిలో మినహాయింపు కూడా ఉంది: మొనాకో 2007లో తన రాకుమారి గ్రేస్ కెల్లీ జ్ఞాపకార్థం తెచ్చిన 2 యూరోల నాణేలు 20,001 మాత్రమే. యూరో నాణేల వరుస నింపేవారందరికీ అది గొంతులో ముల్లు.

ఒకే నాణెం కొత్తగా ఉంటే ఒక విలువ, అరిగితే మరో విలువ. ఆ తేడా అంత ముఖ్యమా?

ముద్ర పడే క్షణంలో లోహం నడిమధ్య నుంచి అంచులకు ప్రవహిస్తుంది. ఆ ప్రవాహం కంటికి ఆనని సన్నని గీతలుగా నిలిచిపోతుంది. దీపం కింద నాణేన్ని మెల్లగా తిప్పితే, వాటి మీది వెలుగు బండిచక్రపు ఆకుల్లా గిర్రున తిరుగుతుంది. వేళ్ల రాపిడికి మొదట పోయేది ఆ మెరుపే. విలియం షెల్డన్ 1949లో పాత అమెరికా రాగి సెంట్ల కోసం రూపొందించిన 1 నుంచి 70 వరకు గల కొలమానాన్ని ఈనాడు విస్తృతంగా వాడుతున్నారు. అందులో పై అంకెల మధ్య తేడాలు పట్టడానికే ఏళ్ల అభ్యాసం కావాలి. సూక్ష్మమైన తేడాను కనిపెట్టడంలో గర్వపడే కళ్లకు ఈ రకం పని నచ్చుతుంది.

నాణేన్ని ఎన్నడూ తోమకూడదని సేకర్తలు నెత్తీనోరూ బాదుకునేది ఇందుకే. ఈ సమాధానాలు రాస్తున్నవారు కూడా తొలినాళ్లలో ఒక మంచి వెండి నాణేన్ని గుడ్డతో తళతళలాడేలా రుద్ది, బండిచక్రాన్ని శాశ్వతంగా పోగొట్టుకున్నవారే. తళుకు వచ్చింది, ప్రాణం పోయింది.

నకిలీలను కావాలని సేకరించేవారు కూడా ఉంటారా?

ఉంటారు. చలామణిలో జనాన్ని మోసగించడానికి ఆయా కాలాల్లోనే చేసిన నకిలీలకు చారిత్రక విలువ ఉంది. సేకర్తలను మోసగించడానికి చేసినవి వేరు. వాటిలో కూడా పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ల జర్మన్ కార్ల్ విల్హెల్మ్ బెకర్ స్వయంగా అచ్చులు చెక్కి చేసిన ప్రాచీన నాణేలు ఎంత నైపుణ్యంగా ఉంటాయంటే, అవి ఫలానా బెకర్ చేతివని తెలిసే కొంటారు. నాణెం మీది తేదీని గుడ్డిగా నమ్మరాదనడానికి అసలైన నాణేలే సాక్ష్యం: 1804 అంకె ఉన్న ప్రసిద్ధమైన అమెరికా డాలర్లను మొదట చేసింది 1834లో, దౌత్య కానుకల కోసం.

సేకర్త అభిరుచి కాలంతో పాటు మారుతుందా?

సాధారణంగా విస్తారంగా మొదలై ఇరుకవుతుంది. రోమన్ నాణేలు పోగుచేసిన కవి పెట్రార్క్, 1354లో చక్రవర్తి నాలుగో చార్లెస్‌కు వాటిలో కొన్నిటిని బహూకరిస్తూ పూర్వ చక్రవర్తుల బాటలో నడవమని హితవు చెప్పాడు. ఆయనకు నాణెం ఒక ఆదర్శపురుషుడి ముఖం. ఇటలీ రాజు మూడో విక్టర్ ఇమ్మాన్యుయేల్ లక్షకు పైగా నాణేలు కూర్చినా, వాటిలో ప్రధానంగా ఇటలీ నేల మీద ముద్రితమైనవాటికే పరిమితమై, 1910 నుంచి 20 సంపుటాల పట్టిక వెలువరించాడు. ఆయనకు నాణెం ఒక పద్దు. ఇద్దరూ చేసిన పని ఒకటే అనిపించినా, పెట్టుకున్న పని వేరు.

అచ్చంగా ఒకేలా ఉన్న నాణేలను పది, ఇరవై కొనేవారికి పిచ్చి అనుకోవాలా?

వారు బహుశా అచ్చుల జాడ తీస్తున్నారు. పూర్వం ఒక అచ్చును దాగలిలో బిగించి, రెండోదాన్ని పైన పట్టుకుని సుత్తితో మోదేవారు. దెబ్బ నేరుగా పడేది పై అచ్చుకే కనుక అది ముందు విరిగేది, కిందిది నిలబడేది. అలా ఒకే కింది అచ్చుతో వరుసగా కొత్త కొత్త పై అచ్చులు జతపడేవి. రెండు నాణేలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, మొదటిదాని మీద రాజు చెవి దగ్గర వెంట్రుకంత పగులు కనిపించి, రెండోదాని మీద అదే పగులు మెడ దాకా సాగి ఉంటే, మొదటిది ముందు ముద్రితమైందని తేలిపోతుంది. ఇలా ఒక్కో పగులునూ పట్టుకుని పోతూ, ఏ పాలకుడిది ముందు, ఎవరిది తర్వాత అన్నది కూడా తేల్చినవారున్నారు. వారికి పదకొండో ప్రతి కూడా కొత్తదే, చెవి దగ్గరి ఆ పగులు దాని మీద ఎంత దూరం పాకిందో ఇంకా చూడలేదు కనుక.